500 గ్రాముల గొడవ: పాత ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ సర్దుకున్న నా అనుభవం

జులై మూడో వారంలో పోటీకి వెళ్ళాను. ఇంకా ఒక్క పెల్లెట్ (సీసపు గుండు) కూడా పేల్చకుండానే, సామాను తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ బల్ల దగ్గర నా పిస్టల్ ఫెయిలైంది.

ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువుని పడిపోకుండా ఆపాలన్నది రూలు. అక్కడ జరిగేది ఇదీ. బల్ల మీద 500 గ్రాముల బరువు ఉంటుంది. దాని కొక్కేన్ని ట్రిగ్గర్‌కి తగిలించి, బారెల్ నిట్టనిలువుగా ఉంచి పిస్టల్‌ని మెల్లగా పైకెత్తాలి. బరువు బల్లని వదిలి గాల్లోకి లేస్తే పాస్. లేవకముందే ట్రిగ్గర్ టప్పుమని పడిపోతే ఫెయిల్. అవకాశాలు మూడే. ఊరికే కాక్ చేసి (పేలడానికి సిద్ధం చేసి) చూపిస్తే కుదరదు, పెల్లెట్ లేకపోయినా దాన్ని తోసే గాలి ఛార్జ్ మాత్రం పడాలి. నా పిస్టల్ మొదటిసారి పడిపోయింది. రెండోసారి బరువు ఒక అంచున లేచి మళ్ళీ పడిపోయింది. మూడోసారి అయితే కొక్కెం తగిలించగానే టప్.

బల్ల వెనకాల కూర్చున్నాయన మంచివాడే. "సరిచేసుకుని మళ్ళీ రండి మేడమ్, టైముంది" అన్నాడు. నా వెనక లైన్లో అందరూ పదహారు పదిహేడేళ్ళ పిల్లలు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషిని, ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చి, వాళ్ళ ముందు పెట్టె మూసుకుని పక్కకి జరగడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మా మాస్టారు జేబులోంచి అలెన్ కీ తీసి ఏదో స్క్రూ అర చుట్టు బిగించారు. మళ్ళీ వెళ్తే పాసైంది. మ్యాచ్ మాత్రం పోయింది. మామూలుగా 550 పాయింట్లు దాటే నాకు ఆ రోజు 60 షాట్లకి వచ్చింది 531. మెట్టు అయిపోయిందనుకుని కాలు వేస్తే ఇంకో మెట్టు తగిలినట్టు, ప్రతి షాట్‌కీ వేలు తడబడింది.

పిస్టల్ సంగతి కొంచెం చెప్పాలి. ఐరోపా తయారీ, కంప్రెస్డ్ ఎయిర్, మెకానికల్ ట్రిగ్గర్, వయసు ఇరవై ఏళ్ళ పైమాటే. కంపెనీ పేరు అనవసరం, ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. నేవీలో రిటైరై మర్రిపాలెంలో ఉంటున్న ఒక పెద్దాయన దగ్గర 75,000కి కొన్నాను. కొత్తదైతే రెండు లక్షల మాట. పాత సరుకుతో పాటు పాత యజమానుల చేతిపని కూడా వస్తుందని అప్పుడు ఆలోచించలేదు.

పోటీ నుంచి వచ్చిన మర్నాడే ఫోన్లు మొదలుపెట్టాను. మన వైజాగ్‌లో ఇలాంటి పిస్టల్ సర్వీసింగ్ చేసేవాళ్ళు నాకు దొరకలేదు. ఢిల్లీలో ఒకరు, "పంపించండి, ఏడు వేలు, మూడు నాలుగు వారాలు" అన్నారు. పార్ట్స్ మారిస్తే ఖర్చు వేరే అట. సరే పంపుదామని ద్వారకానగర్‌లో కొరియర్ ఆఫీసుకి వెళ్తే, ఫారంలో 'ఎయిర్ పిస్టల్' అన్న మాట చూసి కౌంటర్లో కుర్రాడు లేచి నిలబడ్డాడు. 20 జౌల్స్ లోపు శక్తి, 0.177 అంగుళాల క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు) ఉన్న ఎయిర్ పిస్టల్‌కి ఆయుధ లైసెన్సు అక్కర్లేదని, ఇది ఆటసామానని, బిల్లు కూడా ఉందని చెప్పాను. "అవన్నీ నిజమే మేడమ్, కానీ స్కానింగ్‌లో ఆపేస్తే మీరొచ్చి మాట్లాడతారా?" అన్నాడు. వాడన్నదీ నిజమే. ఇంకో రెండు చోట్ల కూడా అదే మాట. వారం పైగా ఆ తిరుగుళ్ళకే పోయింది.

ఈలోగా సలహాలు. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్నది కొనుక్కో, ఈ బాధే ఉండదు అన్నవాళ్ళు ఎక్కువ. మాస్టారు ఒక్క మాటతో వాళ్ళ నోరు మూయించారు: "2021లో టోక్యోలో మను భాకర్ పిస్టల్ మ్యాచ్ మధ్యలో మొరాయించింది కదా, అదేమైనా పాతదా?" అదే మను 2024లో పారిస్ నుంచి రెండు కాంస్యాలు తెచ్చింది, అది వేరే సంగతి. అసలు విషయం, నా దగ్గర రెండు లక్షలు లేవు.

మర్రిపాలెం వెళ్ళి పెద్దాయన్ని అడిగితే, "నేను దాన్నెప్పుడూ విప్పలేదమ్మా. బాగా పేలుతున్నదాన్ని విప్పడమెందుకు?" అన్నారు. ఆయన కాలంలో క్లబ్బుల్లో ఫైన్‌వెర్క్‌బావ్ 65 అనే ఎయిర్ పిస్టల్ ఉండేదట. దాంట్లో చిన్న మీట తిప్పితే 500 గ్రాముల ట్రిగ్గర్ కాస్తా 1360 గ్రాములది అయిపోయేది. ఎయిర్ పిస్టల్‌కి ఒకటి, తూటాలు పేల్చే సెంటర్ ఫైర్ పిస్టల్ ప్రాక్టీసుకి ఒకటి. ఆ ముచ్చట్లలో గంట గడిచింది. వచ్చేటప్పుడు అటక మీంచి ఒక ప్లాస్టిక్ కవరు దించి ఇచ్చారు. అందులో ఉంది యూజర్ మాన్యువల్, సగం జర్మన్, సగం ఇంగ్లీషు. కొన్నప్పుడే అడిగి తీసుకోవాల్సిన కాగితం ఏదైనా ఉందంటే అదే. ఏ స్క్రూ ఏం చేస్తుందో బొమ్మతో సహా ఉంది.

ఆ రాత్రి పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, గాలి సిలిండర్ తీసేసి, గ్రిప్ (పిడి) విప్పి టార్చి లైట్లో చూశాను. మాది ఎంవీపీ కాలనీ, బీచ్ దగ్గరే. మా ఇంటి కిటికీ గ్రిల్స్‌కి ఏటా పెయింటు వేయకపోతే పొరలు పొరలుగా ఊడిపోతాయి. ఆ ఉప్పుగాలి పిస్టల్ లోపలికి కూడా వెళ్ళింది. ట్రిగ్గర్ ఇరుసు చుట్టూ గోధుమరంగు జిగురు, పాత గ్రీజు గట్టిపడి అలా అయింది. అందులో బట్ట పోగు, సన్నటి ఇసుక. రెండు స్క్రూల తలలు ఎవరో సరిపడని స్క్రూడ్రైవర్ పెట్టి చెక్కేసినట్టున్నాయి. అవి తిప్పాలంటే నాకు ధైర్యం చాల్లేదు.

పూర్ణా మార్కెట్ దగ్గర ఒక వాచీ రిపేరు బాబాయ్ ఉన్నాడు. మా నాన్నగారి హెచ్‌ఎంటీ ఆయన చేతిలోనే బతికింది. ట్రిగ్గర్ యూనిట్ ఒక్కటే ఊడదీసి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. పిస్టల్ ఇంట్లోనే తాళం వేసి ఉంచాను, బస్సులో అది పట్టుకుని తిరగడం మంచిది కాదు.

"ఏటమ్మా ఇది? తుపాకీ సామానా? రేపు పోలీసోళ్ళొచ్చి అడిగితే నేనేటి చెప్పాలి?" అన్నాడు ముందు. పోటీ కార్డు, క్లబ్బు ఉత్తరం చూపించాను. అప్పుడు కంటికి లెన్స్ తగిలించుకుని ఐదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత లెన్స్ నాకిచ్చి, చిమ్టాతో ఒక చోటు చూపించాడు. ట్రిగ్గర్ తిరిగే పిన్ను మీద ఆవగింజలో సగం ఉండే తుప్పు మచ్చ. "ట్రిగ్గరు ఇక్కడికొచ్చాక ఆగి, మళ్ళీ దూకుతాది. చూడు" అని వేలితో కదిపాడు. నిజంగానే, మెత్తగా వస్తున్నది ఆ చోట సన్నగా పట్టి, ఆనక జారింది. ఒక రోజు పాసై ఇంకో రోజు ఫెయిలయ్యే ట్రిగ్గర్ గుట్టు అక్కడ తెలిసింది. బరువు తక్కువో ఎక్కువో కాదు, అసలు ఒక్క బరువే లేదు దానికి. జిగురు ఎలా పడితే అలా.

వైట్ పెట్రోల్లో కడిగి, పిన్ను నునుపు చేసి, ఊది ఆరబెట్టాడు. నూనె వేయబోతుంటే మాన్యువల్ చూపించి ఆపాను. సియర్ (ట్రిగ్గర్ లాగేదాకా పిస్టల్ పేలకుండా పట్టి ఉంచే ముక్క) అంచులకి నూనె వద్దు, ఇరుసుకి సూదిమొనంత చాలు అని ఉంది అందులో. "వాచీకీ అంతే కదమ్మా" అన్నాడు. చెక్కేసిన స్క్రూ తలలకి సరిపోయేలా ఒక స్క్రూడ్రైవర్ మొనని రాయి మీద అరగదీసి నాకిచ్చేశాడు. మొత్తానికి 300 తీసుకున్నాడు. ఐదు వందలిస్తే వద్దన్నాడు.

ఇంటికొచ్చి బిగించి చూస్తే ట్రిగ్గర్ వెన్నలా వస్తోంది. వంటింట్లో పప్పులు తూచే అరకిలో గుండు తగిలించి లేపితే, లేవనే లేదు, టప్పుమంది. మురికి పోయేసరికి ట్రిగ్గర్ ఇంకా తేలికైపోయింది! అంటే ఇన్నాళ్ళూ నేను పాసైన ప్రతిసారీ ఆ మురికి పుణ్యమే. ఈ సంగతి ముందే తెలిస్తే కంగారు తగ్గుతుంది కాబట్టి చెప్తున్నా: శుభ్రం చేశాక రీడింగ్ తగ్గుతుంది. ముందు శుభ్రం చేయాలి, స్క్రూ తిప్పడం ఆ తర్వాతే. నేను తిరగేసి చేసి ఉంటే పని రెండింతలయ్యేది.

ఇక్కడ బరువు గొడవ మొదలైంది. అరకిలో గుండుకి నేను కట్టిన తీగ, కొక్కెం బరువెంత? కురుపాం మార్కెట్లో మాకు తెలిసిన వెండి షాపుకి పట్టుకెళ్ళి వాళ్ళ ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టించాను. కొక్కెంతో కలిపి 523 గ్రాములు. అంటే నేనింట్లో తూచిందంతా ఉత్తదే. షాపాయన గిరాకీ లేని మధ్యాహ్నం పూట ఓపిగ్గా కూర్చుని సాయం చేశాడు. ఖాళీ పెల్లెట్ డబ్బాలో, రేంజిలో పెల్లెట్ ట్రాప్ నుంచి ఏరుకొచ్చిన చితికిన సీసం పెల్లెట్లు నింపి, తీగ, కొక్కెం, మూతతో సహా కాటా సరిగ్గా 500 చూపించేదాకా ఒక్కో పెల్లెట్ తీస్తూ వేస్తూ పోయాం. ఆఖర్న ఒక్క పెల్లెట్ దగ్గర 499.8, 500.3 అని ఊగితే, "బంగారమైతే ఊరుకుంటావా, వెయ్యి" అన్నాడు నవ్వుతూ. సీసం ముట్టుకున్నాం కనుక ఇద్దరం సబ్బుతో చేతులు కడుక్కున్నాం. ఆ డబ్బా ఇప్పుడు మా క్లబ్బులో అందరూ వాడుతున్నారు.

రెండో వింత కొక్కెం తగిలించే చోటు. ట్రిగ్గర్ ఇరుసు పైన ఉంటుంది, కింది కొస ఇరుసుకి దూరం. అందుకని కొస దగ్గర తగిలిస్తే అదే ట్రిగ్గర్ తక్కువ బరువుకే పడిపోతుంది. మధ్యలో తగిలిస్తే ఆగుతుంది. ట్రిగ్గర్ మధ్యభాగం దగ్గరే తగిలించాలని రూల్లోనే ఉంది. నా ట్రిగ్గర్ బ్లేడు కొంచెం కిందికి వంపు తిరిగి ఉండటంతో తీగ నెమ్మదిగా కొసకి జారిపోతోంది. జులైలో మూడోసారి కొక్కెం తగిలించగానే పడిపోవడానికి ఇది కూడా కారణమై ఉంటుందని ఇప్పుడనిపిస్తోంది. బ్లేడు వంపు సరిచేశాక ఆ జారుడు ఆగింది.

అసలు సర్దుబాటు ఆగస్టులో ఒక ఆదివారం రేంజిలో, మాస్టారు పక్కనుండగా జరిగింది. పిస్టల్ మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే, పెల్లెట్ లేదు, చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. మొదలుపెట్టే ముందు ఒక్కో స్క్రూ ఇప్పుడున్న చోట నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను. ఎటు ఎంత తిప్పినా వెనక్కి రావడానికి దారి ఉంటుంది. ఎర్ర రంగు చూసి మాస్టారు నవ్వారు గానీ, తర్వాతి వారం తన పిస్టల్‌కి కూడా పెట్టించుకున్నారు. ఏ స్క్రూ ఎంత తిప్పామో నోటుబుక్కులో రాసుకుంటూ పోయాం.

ముందుగా ట్రిగ్గర్ స్టాప్ స్క్రూని బాగా వెనక్కి తీశాం. షాట్ పడ్డాక ట్రిగ్గర్ ఇంకెంత వెనక్కి వెళ్ళాలో ఆపే స్క్రూ అది. అది అడ్డు ఉంటే మిగతా రీడింగులేవీ నిజం కావు. తర్వాత ఫస్ట్ స్టేజ్, అంటే ట్రిగ్గర్ తేలిగ్గా వచ్చి మొదట ఆగేదాకా ఉండే భాగం. అక్కడి నుంచి షాట్ పడేదాకా సెకండ్ స్టేజ్. డబ్బాలో కొద్దికొద్దిగా సీసం వేస్తూ, ట్రిగ్గర్ మొదటి ఆగుడు దాకా ఏ బరువుకి వస్తోందో చూశాం. 240 దగ్గరే వచ్చేసింది. అంటే మిగతా బరువంతా సెకండ్ స్టేజ్ మీదే పడి ఉంది. జులైలో హడావుడిగా బిగించిన అర చుట్టు కూడా అక్కడే కలిసింది. టోటల్ 500 దాటింది కాబట్టి బల్ల దగ్గర పాస్, కానీ వేలికి మాత్రం గోడని తోస్తున్నట్టు. 531 ఎందుకొచ్చిందో నాకప్పుడు నిజంగా అర్థమైంది. ఆ రోజు నుంచి నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను, ఇంత వయసులో ఈ ఆట ఎందుకని.

ఫస్ట్ స్టేజ్ స్ప్రింగ్ బిగిస్తూ, సెకండ్ స్టేజ్ వదులు చేస్తూ వచ్చాం. ఒకటి కదిపితే రెండోది కదులుతుంది, టోటల్ మారుతుంది. ఎనిమిదో వంతు చుట్టు కన్నా ఎక్కువ ఒకేసారి తిప్పలేదు. ఫస్ట్ స్టేజ్ 370, మొత్తం 515 దగ్గర ఆగాం. సరిగ్గా 500కి పెట్టుకోవాలన్న ఆశ నాకుంది. మాస్టారు ససేమిరా అన్నారు. "ఆ పదిహేను గ్రాములు నీ నిద్రకి" అన్నారు. మ్యాచ్ ఆఖరి షాట్ అయ్యాక కూడా ఎవరినైనా పిలిచి ట్రిగ్గర్ తూస్తారు, అప్పుడు తగ్గితే డిస్‌క్వాలిఫై. పైగా నా పిస్టల్‌లో డ్రై ఫైర్ (గాలి లేకుండా ట్రిగ్గర్ మాత్రమే నొక్కడం) మీద చూసినదానికీ, గాలి ఛార్జ్‌తో చూసినదానికీ పది గ్రాముల దాకా తేడా వచ్చింది. ఇంట్లో డ్రై ఫైర్ మీద తూచి ధీమాగా వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సియర్ పట్టు స్క్రూ ఇంకొకటి ఉంది. దాన్ని తగ్గిస్తే ట్రిగ్గర్ గాజులా ఠక్కున తెగుతుందని క్లబ్బు కుర్రాళ్ళు ఊరించారు. మేం ముట్టుకోలేదు. పట్టు మరీ తగ్గితే పిస్టల్ కాక్ కాకపోవచ్చు, లేదా చిన్న కుదుపుకే పడిపోవచ్చు. అన్నీ అయ్యాక మాస్టారు కాక్ చేసి, మూతి టార్గెట్ వైపే ఉంచి గ్రిప్‌ని అరచేత్తో చరిచి చరిచి చూశారు. పడలేదు. చివరికి ట్రిగ్గర్ స్టాప్‌ని, షాట్ పడనంత బిగించి, మళ్ళీ పడేదాకా వదిలి, ఆపైన ఇంకాస్త వదిలాం. ఆ ఇంకాస్త లేకపోతే ఎప్పుడో ఒక చిన్న నలుసు పడి మ్యాచ్ మధ్యలో ట్రిగ్గర్ కదలక కూర్చుంటుంది. ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం భోజనం టైము దాటిపోయింది, మాస్టారు ఇంటి నుంచి రెండు ఫోన్లు వచ్చాయి.

ట్రిగ్గర్ బాగుపడింది, నా వేలు కాదు. ఇది ఎవరూ చెప్పరు. పాత ట్రిగ్గర్‌కి అలవాటు పడ్డ వేలు ఫస్ట్ స్టేజ్ దగ్గర ఆగకుండా దూసుకుపోయేది. గురి చూసే సైట్లు కుదురుకోకముందే షాట్ వెళ్ళిపోయేది. మొదటి వారం టార్గెట్ కార్డులు చూస్తే ఏడుపొచ్చింది, పిస్టల్‌ని పాడుచేసుకున్నానని కూడా అనుకున్నాను. మాస్టారు పెల్లెట్లు మాన్పించేశారు. రోజూ రాత్రి పిల్లాడు పడుకున్నాక, ఖాళీ గోడ కేసి అరగంట డ్రై ఫైర్. ఫస్ట్ స్టేజ్ తీసుకుని ఆగు, ఊపిరి, అప్పుడు మిగతాది. గోడ మీద టార్గెట్ బొమ్మ కూడా వద్దన్నారు. సెప్టెంబరు సగం దాకా అదే పని. మా ఆయన "ఆ టక్కు శబ్దం లేకపోతే నిద్ర పట్టడం లేదు" అనేదాకా వచ్చింది.

తేడా ఒక్కసారిగా రాలేదు. ఒక రోజు పది షాట్లలో తొమ్మిది పాయింట్ల కన్నా తక్కువ వచ్చిన షాట్ ఏది అని చూసుకుంటే ఒక్కటే ఉంది. టార్గెట్ నడిమి పది రింగు వెడల్పు 11.5 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరంత. అందులో సగానికి పైగా పడ్డాయి. తెలియకుండానే షాట్ వెళ్ళడం, వెళ్ళాక ఓహో అనిపించడం, మాస్టారు రెండేళ్ళుగా చెప్తున్నది అదేనని వేలికి తెలిసింది.

అక్టోబరు మొదట్లో ఇంకో పోటీ. బల్ల దగ్గర బరువు మొదటిసారికే లేచింది. 75 నిమిషాల మ్యాచ్, 556. ఆఖరి షాట్ అయ్యాక వెనక నుంచి నా లేన్ నంబరు పిలిచారు. తూచడానికి! పెట్టె మూయకుండా అలాగే వెళ్ళాను, చెవుల్లో గుండె చప్పుడు. కొక్కెం మధ్యలో పెట్టమని నేనే అడిగాను. ఆయన పెట్టాడు, లేపాడు, సంతకం చేయమన్నాడు. అంతే, ఐదు సెకన్ల పని.

ఖర్చు లెక్కేస్తే వాచీ బాబాయ్‌కి 300, మంచి అలెన్ కీల సెట్‌కి 450, మాన్యువల్ జిరాక్సు, ఆటోలు, కురుపాం మార్కెట్లో తాగించిన టీలు కలిపి పన్నెండు వందల లోపే. నెలకోసారి సీసం డబ్బాతో తూస్తున్నాను. వానలు పడ్డ వారాల్లో గ్రిప్ విప్పి కూడా చూస్తున్నాను. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు మారుస్తున్నాను.

ఇప్పుడు కొత్త చిక్కు సిలిండర్. దాని మీద కొట్టిన తేదీ నుంచి పదేళ్ళ గడువు వచ్చే మార్చికి అయిపోతోంది. గడువు దాటకుండా చూసుకునే బాధ్యత షూటర్‌దే. ఈ పాత మోడల్‌కి సరిపోయే సిలిండర్ ధర అడిగితే ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు, దాన్ని కూడా కొరియర్ వాళ్ళు తీసుకోరట. ఢిల్లీ నుంచి రైల్లో వచ్చేవాళ్ళెవరైనా ఉన్నారా అని క్లబ్బులో అడుగుతున్నాను.